బేగంపేట గుమ్మటం నుండి కావలూరు కొండ దాకా: వైను బాప్పు జీవితం

హైదరాబాదులో బేగంపేట ప్రాంతాన ఒక పాత గుమ్మటం ఉన్నది. దానిని చూచి ఏ నవాబుగారి సమాధియో అని తలచి సాగిపోయేవారే ఎక్కువ. నిజానికి అది సమాధి కాదు, నిజామియా వేధశాల. నవాబ్ జఫర్ జంగ్ బహద్దూర్ అనే హైదరాబాదు ప్రభువర్గీయుడు ఇంగ్లండు నుండి పదిహేను అంగుళాల వ్యాసంగల దూరదర్శినిని తెప్పించి, సొంత ధనం వెచ్చించి 1901లో ఈ సంస్థకు పునాది వేశాడు. మొదట అది ఫిసల్‌బండలోని ఆయన ఎస్టేటులో ఉండేది. 1907లో ఆయన మరణించిన పిమ్మట నిజాం ప్రభుత్వం 1908లో దానిని స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. ధనవంతులు భవనాలకు, వేటకు, విందులకు సొమ్ము వ్యయం చేసిన ఆ రోజులలో ఒక నవాబు ఆకాశానికై వ్యయం చేశాడన్నది మన ప్రాంతపు చరిత్రలో తగినంతగా చెప్పుకోని విషయం.

ఆ వేధశాలలో సహాయకుడుగా పనిచేసినవారిలో మనాలి కుకుళి బాప్పు అనే కేరళీయుడు ఒకరు. మలబారు తీరంలోని కన్ననూరు ప్రాంతం నుండి ఉద్యోగరీత్యా ఇంత దూరం వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఆయన ఏకైక పుత్రుడే మనాలి కల్లాట్ వైను బాప్పు. 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించినా, పెరిగింది, చదివింది మన హైదరాబాదులోనే. భారతదేశపు ఆధునిక ఖగోళశాస్త్రానికి పితామహుడని తరువాతి తరంవారు ఆయనను గౌరవించారు.

మేము తెలుగు పాఠం చెప్పుకొనేవారము. గణితశాస్త్రంతో మాకు గల పరిచయం స్వల్పం. అయినను ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎన్నుకొనుటకు కారణం ఉన్నది. కంటికి కనిపించని వస్తువును, దాని వెనుక ఉన్న మరొక వెలుగులో కలిగే మార్పును బట్టి పసిగట్టడం నేటి ఖగోళశాస్త్రంలో ఒక గొప్ప విద్య. జంట నక్షత్రాల నడుమ తిరుగాడే గ్రహాలను సైతం ఆ విద్యతో నేడు కనుగొంటున్నారు. అటువంటి విద్యకు మన దేశంలో స్థలాన్ని, పరికరాన్ని, మనుషులను సమకూర్చిన వ్యక్తి ఒక వేధశాల చిరుద్యోగి కుమారుడు కావడం మా విద్యార్థులు తెలిసికోదగిన సంగతి.

వైను బాల్యంలో నిజామియా వేధశాల చేస్తున్న పని చాలా ఓపికతో కూడినది. లోకంలోని అనేక వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని, ఛాయాచిత్రాలు తీసి, నక్షత్రాల స్థానాలను కొలిచి గ్రంథస్థం చేయడానికి పూనుకొన్నాయి. ఆ మహా ప్రణాళికలో ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. టి.పి. భాస్కరన్ గారు దీర్ఘకాలం ఆ సంస్థకు అధిపతిగా ఉండి ఈ పనిని నడిపారు. గాజు పలకమీది సూదిమొనంత చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, అంకెలుగా వ్రాసి, లక్షలాది నక్షత్రాల పట్టిక తయారు చేశారు. ఇందులో కీర్తి తక్కువ, శ్రమ ఎక్కువ. తండ్రి వెంట తరచు ఆ ఆవరణకు వెళ్ళిన బాలునికి ఆకాశమంటే మొదట ఒక పుస్తకం కాదు, రాత్రి మేలుకొని చేయవలసిన పని.

వైను నిజాం కళాశాలలో చదివాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే, కాంతి హెచ్చుతగ్గులు గల చరనక్షత్రాలను పరిశీలించి ఆ ఫలితాలను ప్రకటించాడు. భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పూర్తి చేసే నాటికి ఏమి కావలెనో నిశ్చయమైపోయింది. ఎక్కడ కావలెనన్నది మాత్రం ప్రశ్నగా మిగిలింది. నక్షత్రాల భౌతిక స్వరూపాన్ని ఉన్నత స్థాయిలో బోధించే ఏర్పాటు దేశంలో అప్పటికి లేదనే చెప్పాలి. చేతిలో ధనం లేదు. ఈ దశలో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1949 ఆరంభంలో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు.

చేరి ఆరు మాసాలైనా నిండకముందే, 1949 జూలై 2వ తేదీన, తాను తీసిన ఛాయాచిత్ర ఫలకంపై ఒక క్రొత్త తోకచుక్కను గుర్తించాడు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహ విద్యార్థి గార్డన్ న్యూకర్క్ దానిని ధ్రువపరచగా, ముగ్గురి పేర్లతో అది బాప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అయినది. దాని కక్ష్యను కూడా గణించారు. సూర్యుని చుట్టి రావడానికి దానికి సుమారు 60 వేల సంవత్సరాలు పడుతుందని తేలింది. పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనకు డోనహో పతకాన్ని బహూకరించింది. మేము ఇక్కడ గమనించమని కోరేది అదృష్టాన్ని కాదు. ఒకే ఆకాశభాగాన్ని పదేపదే చిత్రించిన ఫలకాలలో, నిన్న లేని మరక నేడు ఎక్కడ ఉన్నదో పట్టగల కన్ను ఒక్క రాత్రిలో రాదు. ఆ కన్నుకు తొలి శిక్షణ బేగంపేటలోనే లభించింది.

1952లో డాక్టరేటు పొందిన పిమ్మట కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు వెళ్ళాడు. అప్పటికి లోకంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల దూరదర్శిని అక్కడ ఉన్నది. అక్కడ ఆలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పరిశోధన 1957లో వెలువడింది. అది నేడు విల్సన్-బాప్పు ప్రభావమనే పేరుతో పాఠ్యగ్రంథాలలో ఉన్నది. దానిని సులభంగా చెప్పడానికి ప్రయత్నిస్తాము. నక్షత్రపు వెలుగును పట్టకం వంటి సాధనంతో విడదీస్తే వర్ణపటం వస్తుంది. అందులో కాల్షియం వలన ఏర్పడే ఒక నల్లని గీత ఉంటుంది. సూర్యుని వంటి, సూర్యుని కంటె చల్లనైన నక్షత్రాలలో ఆ నల్లని గీత నడుమ సన్నని వెలుగు రేఖ ఒకటి తోస్తుంది. ఆ వెలుగు రేఖ ఎంత వెడల్పు ఉంటే ఆ నక్షత్రపు అసలు ప్రకాశం అంత ఎక్కువ అని వీరు నిరూపించారు. దీపం ఎన్ని కొవ్వొత్తుల బలం గలదో తెలిస్తే, అది మసకగా కనిపించే తీరును బట్టి దూరం లెక్కించవచ్చును గదా! నక్షత్రాల దూరాలను అంచనా వేయడానికి అట్లా ఒక క్రొత్త కొలత దొరికింది.

అటువంటి పేరు, అటువంటి పరికరాలు ఉన్నచోట నిలిచిపోయినవారు ఎందరో ఉన్నారు. బాప్పు 1953లో తిరిగి వచ్చాడు. ఇక్కడ ఆయనకై కాచుకొని ఉన్న దూరదర్శిని ఏదీ లేదు. ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం కాశీలో 1954లో ఒక వేధశాలను ఆరంభించగా దాని బాధ్యత స్వీకరించాడు. గంగాతీరపు ధూళి, పొగమంచు నక్షత్ర పరిశీలనకు తగవని గ్రహించి, మరుసటి ఏడు దానిని నైనితాల్ కొండలకు తరలించాడు. ప్రయోగశాలను నిర్మించడానికి ముందు ప్రదేశాన్ని ఎన్నుకోవాలన్న నియమాన్ని ఆయన ఎన్నడూ విడువలేదు.

1960లో, ముప్పైల తొలి భాగంలోనే, కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరు అయ్యాడు. అది 1899లో స్థాపితమైనది, సూర్యుని అధ్యయనంలో పేరెన్నికగన్నది. కాని స్వాతంత్ర్యం వచ్చిన నాటికి పాత పరికరాలతో వెనుకబడింది. ఆ సంస్థ పూర్వ చరిత్ర మన వ్యాస విషయంతో ముడిపడి ఉన్నది. కొడైకెనాల్‌కు మాతృక మద్రాసు వేధశాల. అక్కడ అధిపతిగా ఉన్న కెప్టెన్ జేకబ్ అనే ఇంగ్లీషువాడు 1855లో ఒక సాహసపు ప్రకటన చేశాడు. భుజంగధారి రాశిలో 70వ సంఖ్య గల నక్షత్రం నిజానికి ఒకటి కాదు, ఒకదానిని ఒకటి చుట్టే రెండు నక్షత్రాలు. వాటి గమనం లెక్కకు సరిపోవడం లేదనీ, కనిపించని గ్రహమేదో వాటి నడుమ ఉండి లాగుతున్నట్లున్నదనీ ఆయన వాదించాడు. సూర్యకుటుంబానికి వెలుపల, అందులోనూ జంట నక్షత్రాల మధ్య, గ్రహం ఉన్నదని చెప్పిన తొలి వాదాలలో ఇది ఒకటి. ఆ వాదం తరువాత నిలువలేదు. కొలతలలోని లోపాలనే ఆయన గ్రహంగా భావించాడు. కాని కనిపించనిదానిని దాని ఆకర్షణ బట్టి వెదకాలన్న ఊహ మాత్రం వ్యర్థం కాలేదు.

జంట నక్షత్రమంటే ఏమో మన ప్రాంతపు విద్యార్థికి చెప్పడానికి ఒక పాత దృశ్యం సహాయపడుతుంది. శక్కర్‌నగర్ కర్మాగారం నడిచిన కాలంలో, చలికాలపు రాత్రులు చెరకు బండ్లు బారులు తీరి బోధన్ బాట పట్టేవి. ఒక్కొక్క బండి క్రింద ఒక లాంతరు వ్రేలాడేది. దగ్గర దగ్గరగా నడిచే రెండు బండ్ల లాంతర్లు మైలు దూరం నుండి ఒకే దీపంగా కనిపిస్తాయి. ఆకాశంలో మనకు ఒక్కటిగా తోచే నక్షత్రాలలో అనేకం ఇటువంటివే. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. బండ్ల స్థానాన్ని అంతకుముందే ట్రాక్టర్లు ఆక్రమించాయి. పోలిక మాత్రం చెడలేదు.

బాప్పు స్వయంగా జంట నక్షత్రాలపై పరిశోధన చేశాడు. ఆయనకు ప్రీతిపాత్రమైనవి వుల్ఫ్-రాయే జాతి నక్షత్రాలు. ఇవి మిక్కిలి వేడివి. తమ పదార్థాన్ని తుఫానువలె వెలుపలికి వెదజల్లుతూ ఉంటాయి. దక్షిణాకాశంలోని గామా వేలోరం అనే నక్షత్రంలో ఇటువంటిది ఒకటి మరొక వేడి నక్షత్రంతో జంటగా ఉన్నది. 1967లో గణేశ్ అనే సహచరునితో కలిసి ఆ జంట కక్ష్యను నిర్ణయించి, అవి సుమారు 78 దినముల 12 గంటలకు ఒక చుట్టు తిరుగుతాయని చెప్పాడు. మాఘ మాసాంతంలో రాత్రి పది గంటల వేళ మన బోధన్ నుండి దక్షిణ దిక్కున, నేలకు అంత ఎత్తుగా కాకుండా, దీనిని ఎవరైనా కంటితో చూడవచ్చును. కాని అది రెండు నక్షత్రాలని కన్ను చెప్పలేదు; వర్ణపటంలో గీతలు ముందుకు వెనుకకు ఊగడమే చెపుతుంది.

దక్షిణాకాశం ఆయనకు అంత ముఖ్యం కావడానికి కారణం ఉన్నది. ఆనాటి పెద్ద వేధశాలలలో అధికం ఉత్తరాన దూరంగా ఉన్నాయి. వాటి నుండి దక్షిణపు నక్షత్రాలు, మన పాలపుంత నడిబొడ్డు అయిన ధనూరాశి సరిగా అందవు. పైగా ఆస్ట్రేలియాకు దక్షిణాఫ్రికాకు నడుమ విశాలమైన ఖాళీ ఉన్నది. ఆకాశంలో ఒక సంఘటన జరిగే సమయానికి ఆ రెండు చోట్లా పగలైతే దానిని చూచే కన్ను లేకుండా పోతుంది. భూమధ్యరేఖకు చేరువగా, నగరాల వెలుగులకు దూరంగా ఒక స్థలం కావాలని బాప్పు దక్షిణ దేశమంతా గాలించాడు. చివరకు తమిళనాడులో వాణియంబాడి చెంత జవ్వాది కొండలలో, చందన వృక్షాల అడవిలో, కావలూరు అనే చిన్న పల్లెను ఎన్నుకొన్నాడు. అది దాదాపు 12 డిగ్రీల 34 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది.

1968లో అక్కడ పని మొదలుపెట్టినప్పుడు నెలకొల్పిన దూరదర్శిని వ్యాసం పదిహేను అంగుళాలు. కొడైకెనాల్ కర్మశాలలోనే దానిని తయారు చేశారు. బేగంపేటలో నవాబుగారు విదేశం నుండి తెప్పించినది కూడా పదిహేను అంగుళాలే! అరవైయేళ్ళకు పైబడిన కాలంలో అంగుళాలు పెరగలేదని నవ్వేవారు నవ్వవచ్చును. మాకు మాత్రం ఇందులో పెద్ద భేదమే కనిపిస్తున్నది. మన నేలమీద కూడ అదే కాలంలో కదలిక వచ్చింది. అక్బర్ అలీ గారు నిజామియా డైరెక్టరుగా ఉన్నప్పుడు తలపెట్టిన 48 అంగుళాల దూరదర్శిని, హైదరాబాదుకు ఆగ్నేయంగా జపాల్-రంగాపూర్ గ్రామాల వద్ద 1968లోనే పనిలోనికి వచ్చి, జంట నక్షత్రాల పరిశీలనకు విశేషంగా ఉపకరించింది.

1971లో కొడైకెనాల్, కావలూరు సంస్థలు కలిసి భారతీయ ఖగోళ భౌతికశాస్త్ర సంస్థగా స్వయంప్రతిపత్తి పొందాయి. మరుసటి సంవత్సరం జర్మనీలో జెయిస్ కంపెనీ నిర్మించిన ఒక మీటరు దూరదర్శిని కావలూరు చేరింది. చేరీచేరగానే దానికి పరీక్ష ఎదురైంది. 1972 జూన్ 7వ తేదీన గురుగ్రహపు ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డు రావలసి ఉన్నది. అడ్డు వచ్చినది గాలిలేని బండరాయి అయితే నక్షత్రపు వెలుగు చటుక్కున ఆరిపోవాలి. దాని చుట్టూ పలుచని వాయువు ఉన్నట్లయితే తగ్గుతూ ఆరాలి. కావలూరులోను, ఇండోనేషియాలోను చేసిన పరిశీలనలు వాయువు ఉన్నదని సూచించాయి. సత్యం కొరకు మరొక మాట కూడ చేర్చాలి. 1979లో వాయేజరు నౌక దగ్గరగా పోయి చూచినప్పుడు ఆ వాయువు మొదట అంచనా వేసినదానికంటె ఎన్నో రెట్లు పలుచనిదని తేలింది. శాస్త్రంలో మొదటి అంచనాకు ఉండే స్థానం అదే.

1977 మార్చి 10వ తేదీ రాత్రి ఇంకను విశేషమైనది. ఆనాడు యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని మరుగుపరచవలసి ఉన్నది. గ్రహం చేరడానికి చాలా నిమిషాల ముందే ఆ నక్షత్రపు కాంతి తగ్గి, మరల యథాస్థితికి వచ్చింది. మబ్బు కాదు, యంత్రదోషం కాదు. యురేనస్ చుట్టూ ఎవరూ ఊహించని సన్నని వలయాలు ఉన్నాయి! విమానంలో దూరదర్శినిని పెట్టుకొని హిందూ మహాసముద్రం మీద ఎగిరిన అమెరికా బృందానికి ఈ ఆవిష్కరణలో ప్రథమ గౌరవం చెందుతుంది, అది న్యాయం. కాని అదే రాత్రి నేలమీద నుండి ఆ మార్పును నమోదు చేసిన కొద్ది చోట్లలో కావలూరు ఒకటి. అక్కడ దూరదర్శిని వద్ద ఉన్నవారు జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి గారలు. పదేండ్లకు పూర్వం అక్కడ ఉన్నది అడవి మాత్రమే.

బాప్పుకు మరొక కోరిక ఉన్నది. 2.34 మీటర్ల దూరదర్శినిని పూర్తిగా దేశంలోనే రూపొందించి నిర్మించాలని ఆయన సంకల్పించాడు. డబ్బు ఇచ్చి కొనవచ్చును గదా అన్నవారికి ఆయన పనియే సమాధానం. గాజు దిమ్మ మాత్రం విదేశం నుండి వచ్చింది. దానిని అరగదీసి నునుపు చేయడం, భారీ ఇనుప చట్రం, నడిపే యంత్రాంగం అన్నీ ఇక్కడే. అంగుళంలో లక్షవ వంతు తేడా కూడ సహించని ఆ అద్దాన్ని తీర్చిదిద్దడానికి మన చేతులకు సంవత్సరాలు పట్టాయి. ఆలస్యమైనదని విమర్శించినవారు లేకపోలేదు. ఆ విమర్శలో కొంత సబబు ఉన్నదని మేమూ అంగీకరిస్తాము. కొనివేస్తే అప్పటికే పదేండ్ల పరిశీలనలు జరిగి ఉండేవి. అయితే చేతికి పని నేర్పే రోజు ఎప్పుడో ఒకప్పుడు రావలసినదే గదా!

గౌరవాలకు కొదువ లేకపోయింది. 1970లో భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్ వచ్చాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. ఆ పదవి అందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. 1982 ఆగస్టులో గ్రీసుదేశంలోని పాట్రాస్ నగరాన ఆ సంఘ మహాసభ జరగవలసి ఉన్నది; ఆయన అధ్యక్షత వహించవలసిన సభ అది. ఆ సభకు ఆయన చేరలేదు. గుండెకు శస్త్రచికిత్స జరిగిన తరువాత, ఆగస్టు 19వ తేదీన జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కన్నుమూశాడు. అప్పటికి యాభైయైదేండ్లు నిండి తొమ్మిది రోజులు. దూరదర్శిని ఇంకను పూర్తి కాలేదు.

సహచరులు దానిని పూర్తి చేశారు. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేసి, దూరదర్శినికి, కావలూరు వేధశాలకు బాప్పు పేరు పెట్టాడు.

అదే 1986లో పోలండు దేశస్థుడైన పాచిన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసం ప్రకటించాడు. నక్షత్రానికి అడ్డు వచ్చే వస్తువు వెలుగును తగ్గించడమే గాక ఒక్కొక్కప్పుడు పెంచుతుందని ఐన్‌స్టీన్ 1936లోనే చెప్పాడు. కాని అంత సూటిగా రెండు నక్షత్రాలు ఒకే గీత మీదికి రావడం మనం చూడగలిగేది కాదని తానే తేల్చివేశాడు. మన చెరకు బండి పోలిక మరల తీసికొందాము. దూరపు లాంతరును చూస్తుండగా చీకటిలో ఎవరైనా బాట దాటితే దీపం మరుగవుతుంది. ఇది గానిమీడ్, యురేనస్‌ల వృత్తాంతం. ఆ దాటే వ్యక్తి చేతిలో భూతద్దం ఉండి అది సరిగా మన చూపుకు అడ్డు వస్తే దీపం పెద్దదై వెలుగుతుంది. ఆకాశంలో ఆ భూతద్దం గాజు కాదు, నక్షత్రపు గురుత్వాకర్షణ. అది వెనుక నుండి వచ్చే కాంతిని వంచి మనవైపు కూడదీస్తుంది. ఒక నక్షత్రాన్ని చూస్తూ కూర్చుంటే జీవితకాలంలో ఇది జరగదు. లక్షలాది నక్షత్రాలను ప్రతి రాత్రి కొలిస్తే కొన్నిచోట్ల జరిగి తీరుతుందని పాచిన్‌స్కీ వాదం. 1993లో అది రుజువైంది.

భూతద్దం ఒకటి కాక రెండు పక్కపక్కన ఉంటే, అనగా అడ్డు వచ్చినది జంట నక్షత్రమైతే, వెనుక వెలుగు నునుపుగా పెరిగి తగ్గదు. ఒక్కసారిగా ఎగసి, పడి, మరల ఎగసిపోతుంది. వాటి చెంత గ్రహం కూడ ఉంటే ఆ రేఖలో చిన్న గంటు పడుతుంది. నక్షత్రం కలిగించే మార్పు వారాల తరబడి ఉంటుంది. గ్రహం కలిగించేది కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. ఆ గంటలలో ఎక్కడ రాత్రి అయితే అక్కడివారు చూడాలి. తిరిగి రాదు. 2013లో ఇట్లా వచ్చిన ఒక సంఘటనను పోలండు బృందం చిలీ నుండి, ఇతరులు న్యూజీలాండు మొదలైన చోట్ల నుండి వెన్నంటి, మరుసటి సంవత్సరం ఫలితం వెల్లడించారు. భూమికి రెండింతల ద్రవ్యరాశి గల గ్రహం, సుమారు మూడు వేల కాంతి సంవత్సరాల దూరాన, జంటలోని ఒక మసక నక్షత్రాన్ని చుట్టుతున్నది. భూమికి సూర్యునికి గల దూరం కంటె కొంచెం తక్కువ దూరంలోనే ఉన్నా, ఆ నక్షత్రం బలహీనం కావడం వలన అక్కడ గడ్డకట్టించే చలి. కెప్టెన్ జేకబ్ మద్రాసులో వెదకిన వస్తువు వంటిది, వేరొక జంటలో, 159 సంవత్సరాల తరువాత లెక్కకు నిలిచింది.

ఈ అన్వేషణలలో అధికం ధనూరాశి వైపు చూచి చేసేవే. నక్షత్రాలు అక్కడ ఇసుకవలె క్రిక్కిరిసి ఉంటాయి. కావలూరు నుండి ఆ దిక్కు ఆకాశంలో సగం ఎత్తుకు పైన నడుస్తుంది. బాప్పు ఆ కొండను ఎన్నుకొన్నప్పుడు ఈ విద్య పుట్టలేదు. ఆ కొండకు లోపం లేదని మేము అనము. రెండు ఋతుపవనాల మబ్బులూ దానిని తాకుతాయి. తరువాత ఆ సంస్థవారే లడఖ్‌లోని హాన్లేలో, వాన అరుదైన ఎడారి ఎత్తున, మరొక దూరదర్శినిని నెలకొల్పారు. మన బోధన్ నుండి ధనూరాశి నలభై డిగ్రీలకు కొంచెం పైగా లేస్తుంది. జూన్ నెలాఖరున అర్ధరాత్రి దక్షిణం వైపు చూడవలె. ఆ ఋతువులో మబ్బు విడిచిన రాత్రులు మనకూ తక్కువే, కావలూరుకూ తక్కువే.